4294967297: 2తో పరీక్షిస్తే నెగ్గుతోంది, 3తో ఓడుతోంది. ఈ సంఖ్య ఏ కోవకు చెందుతుంది?

శేషం_సున్నా
అందరికీ నమస్కారం. ఏదైనా పెద్ద పూర్ణసంఖ్య ఇస్తే అది ప్రధాన సంఖ్యా, సంయుక్త సంఖ్యా, ఇంకా ఏయే తరగతుల్లోకి వస్తుందో చెప్పే చిన్న ప్రోగ్రామ్ రాస్తున్నాను. 4294967297 దగ్గర (అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297) ఒక విచిత్రం కనిపించింది.

ఫెర్మా చిన్న సిద్ధాంతం మీకు తెలిసిందే. ఎన్ బేసి ప్రధానమైతే 2^(ఎన్-1)ని ఎన్‌తో భాగించినప్పుడు శేషం 1 రావాలి. ఈ సంఖ్యకి 1 వచ్చింది. ఇంతకన్నా గట్టిదైన మిల్లర్-రాబిన్ పరీక్షలో కూడా 2 ఆధారంగా నెగ్గింది. కానీ 2 బదులు 3 పెడితే శేషం 3029026160 వస్తోంది. అంటే ప్రధానం కాదు.

నాకు రెండు విషయాలు కావాలి. 2కి ఇది ఎందుకు దొరకలేదు? ఈ సంఖ్యకున్న మిగతా గుణాలేంటి? నేను చూసినంతలో బేసి సంఖ్య, 3తో భాగిస్తే శేషం 2, అంకెల మొత్తం 59.

పాతలెక్క
మీకు తగిలింది మామూలు సంఖ్య కాదండీ, సంఖ్యాశాస్త్ర చరిత్రలో దీనికి పెద్ద పేరుంది. దీన్ని 2^32 + 1 అని రాసి చూడండి. 32 కూడా 2 ఘాతమే కాబట్టి ఇది ఫెర్మా సంఖ్య. వరుసగా 3, 5, 17, 257, 65537, ఆ తర్వాత ఇదే. మొదటిదాన్ని ఎఫ్0 అనుకుంటే ఇది ఎఫ్5.

మొదటి అయిదూ ప్రధానాలే. 1640 నాటి ఉత్తరాల్లో ఫెర్మా ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధానాలేనని తన నమ్మకం రాశాడు, నిరూపణ మాత్రం తన దగ్గర లేదన్నాడు. 1729 డిసెంబరులో గోల్డ్‌బాక్ ఆయిలర్‌కి ఉత్తరం రాస్తూ, ఈ మాట మీకు తెలుసా అని అడిగాడు. 1732లో ఆయిలర్ సమాధానం చెప్పాడు:

4294967297 = 641 × 6700417

ఫెర్మా మాట తప్పని ఈ ఒక్క లెక్కతో తేలిపోయింది. సంఖ్యాశాస్త్రం మీద ఆయిలర్ రాసిన మొదటి వ్యాసం ఇదే. ఆ తర్వాత జీవితమంతా ఆయన ఆ శాస్త్రాన్ని వదల్లేదు.

గణితప్రియ
మొదటి ప్రశ్నకి నేను చెబుతాను.

ఎన్ = 2^32 + 1 కదా. అంటే 2^32ని ఎన్‌తో భాగిస్తే శేషం -1 (పూర్తిగా భాగించబడటానికి 1 తక్కువ, అంటే ఎన్-1 అన్నమాటే). దాన్ని వర్గం చేస్తే 2^64 శేషం 1. ఇప్పుడు మీ పరీక్షలో ఘాతం ఎంత? ఎన్ - 1, అంటే 2^32. అది 64కి గుణిజం. కాబట్టి శేషం 1 రాక తప్పదు. ఎన్ ప్రధానమా కాదా అన్న ప్రశ్న ఇక్కడ ఎక్కడా రాలేదు చూడండి. ఎఫ్6 అయినా, ఎఫ్20 అయినా 2తో ఇలాగే నెగ్గుతాయి. మిల్లర్-రాబిన్‌లోనూ అంతే: 2, 4, 16, 256, 65536, -1 అని వర్గాలు చేసుకుంటూ పోతే ఆరో మెట్టులో -1 వచ్చేస్తుంది, పరీక్ష అక్కడే "నెగ్గింది" అంటుంది.

కాబట్టి మీ ప్రోగ్రామ్‌లో "2 ఆధారంగా బలమైన మిథ్యా ప్రధానం" (సంయుక్తమైనా మిల్లర్-రాబిన్‌లో 2తో నెగ్గేది) అని ఒక గడి పెట్టి దీన్ని అందులో వెయ్యండి.

ఫెర్మా సంఖ్యలకి సరైన పరీక్ష 1877లో పెపాఁ ఇచ్చాడు. ఆధారం 3, ఘాతం (ఎన్-1)/2. శేషం -1 వస్తేనే ప్రధానం, ఇంకేం వచ్చినా కాదు. ఇక్కడ 3ని 31 సార్లు వరసగా వర్గం చెయ్యాలి. శేషం 10324303 వస్తుంది. రావలసిందేమో 4294967296. ఆ 10324303ని ఇంకోసారి వర్గం చేసి భాగిస్తే మీకొచ్చిన 3029026160 సరిగ్గా వస్తుంది, చూసుకోండి.

బిట్లు33
ప్రోగ్రామ్ రాస్తున్నారు కాబట్టి ఒక జాగ్రత్త. ఈ సంఖ్య బైనరీలో 33 బిట్లు: ముందు 1, మధ్యలో 31 సున్నాలు, చివర 1. 32 బిట్ల పూర్ణసంఖ్యలో దాచితే ముందున్న 1 ఎగిరిపోయి ఉత్త 1 మిగులుతుంది. 64 బిట్లు వాడినా, శేషాన్ని వర్గం చేసేటప్పుడు విలువ 2^64 అంచుకి వస్తుంది. అసలు శేషమే 2^32 అయితే దాని వర్గం సరిగ్గా 2^64, అది 64 బిట్లలో పట్టదు. 128 బిట్లు వాడండి.

బైనరీలో ఎటు నుంచి చదివినా ఒకటే. పదహారు ఆధారంలో 100000001. దీనికి ముందున్న ప్రధానం 4294967291, తర్వాతది 4294967311.

శేషం_సున్నా
గణితప్రియ గారూ, చాలా స్పష్టంగా చెప్పారు. 2 ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమైంది.

పాతలెక్క గారికి ఒక ప్రశ్న. 641 అనేది 116వ ప్రధానం. ఆయిలర్ 3, 5, 7, 11 అంటూ అన్నిటితో భాగించుకుంటూ అక్కడిదాకా వెళ్లాడా?

పాతలెక్క
లేదండీ. 1747లో రాసిన మరో వ్యాసంలో ఆయన దారి చూపించాడు. ఇలాంటి సంఖ్యని భాగించే ప్రధానం ఏదైనా 64కె + 1 రూపంలోనే ఉండాలి. ఆ వరుస రాస్తే 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641. ఇందులో ప్రధానాలు 193, 257, 449, 577, 641. అంటే అయిదో భాగాహారానికే దొరికింది.

కారణం గణితప్రియ గారు చెప్పినదానిలోనే ఉంది. పి అనే ప్రధానం ఎన్‌ని భాగిస్తే, పి లెక్కలోనూ (అంటే పితో భాగించి చూసినా) 2^32 శేషం -1, 2^64 శేషం 1. అంటే 2 ఘాతాలు మళ్లీ 1కి రావడానికి సరిగ్గా 64 మెట్లు పడుతుంది, అంతకు ముందు రాదు. ఆ మెట్ల సంఖ్య పి-1ని భాగించి తీరాలి. అందుకే పి-1 అనేది 64కి గుణిజం.

ఫెర్మాకి ఈ పనిముట్లన్నీ చేతిలోనే ఉన్నాయి, చిన్న సిద్ధాంతం ఆయనదే. అయిదు భాగాహారాల దూరంలో ఆగిపోయాడన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

గణితప్రియ
అయిదు కూడా అక్కర్లేదు. 1878లో ల్యూకా ఇంకో మెట్టు ఎక్కాడు. పి అనేది 8కె + 1 రూపంలో ఉంటే, పి లెక్కలో 2 ఒక వర్గం అవుతుంది (అంటే ఏదో ఒక వర్గాన్ని పితో భాగిస్తే శేషం 2 వస్తుంది). దానివల్ల 64 కాస్తా 128 అవుతుంది. అప్పుడు వరుస: 129, 257, 385, 513, 641. ప్రధానాలు 257, 641 మాత్రమే.

ఆ 257 కూడా అవసరం లేదు. అది ఎఫ్3. ఫెర్మా సంఖ్యల్లో ఏ రెండిటికీ 1 తప్ప ఉమ్మడి భాజకం ఉండదు. ఎందుకంటే

3 × 5 × 17 × 257 × 65537 = 4294967295

అంటే ముందున్న అయిదింటి లబ్ధం మన సంఖ్య కన్నా 2 తక్కువ. 257 రెండిటినీ భాగిస్తే వాటి తేడా అయిన 2ని కూడా భాగించాలి. కుదరదు. కాబట్టి మొట్టమొదట పరీక్షించాల్సిన సంఖ్యే 641!

నిరూపణచాలు
భాగాహారం కూడా లేకుండా 641 ఈ సంఖ్యని భాగిస్తుందని చూపించవచ్చు. నాకు తెలిసిన చిన్న నిరూపణల్లో ఇంత బాగున్నవి తక్కువ.

641 = 5 × 2^7 + 1. మరోలా 641 = 5^4 + 2^4.
మొదటిదాని నుంచి 5 × 2^7 శేషం -1. నాలుగో ఘాతం చేస్తే 5^4 × 2^28 శేషం 1.
రెండోదాని నుంచి 5^4 శేషం -2^4.
కలిపితే -2^4 × 2^28 శేషం 1, అంటే 2^32 శేషం -1. అయిపోయింది.

ఇదే జంట సంబంధం ఇంకోచోట కూడా పనిచేస్తుంది. 10^4 = 2^4 × 5^4 కాబట్టి 641 లెక్కలో అది -2^8. నాలుగో ఘాతం చేస్తే 10^16 అనేది 2^32తో సమానం, అంటే -1. కాబట్టి 10^16 + 1ని కూడా 641 భాగిస్తుంది. అందుకే 1/641 దశాంశంలో 32 అంకెలకోసారి తిరిగొస్తుంది:

0.00156006240249609984399375975039...

ఆ 32 అంకెల్ని మధ్యకి విరిచి రెండు సగాల్నీ కూడండి. పదహారు తొమ్మిదులు వస్తాయి.

కొత్తగా_చేరా
641 సంగతి సరే. 6700417 ప్రధానమేనని ఎలా తెలుసు? అదింకా విడిపోవచ్చు కదా?

గణితప్రియ
చాలా సరైన ప్రశ్న. అదే జల్లెడ మళ్లీ వాడండి. 6700417 భాజకాలు మన ఎన్‌కీ భాజకాలే కనుక అవి కూడా 128కె + 1 రూపంలోనే ఉండాలి. వర్గమూలం 2588 చిల్లర. అక్కడిదాకా ఈ రూపంలో ఉన్న ప్రధానాలు 257, 641, 769, 1153, 1409, అంతే. 257ని ముందే తీసేశాం. మిగతా నాలుగిటితో భాగిస్తే శేషాలు వరుసగా 44, 120, 334, 622. ఏదీ సున్నా కాదు. కాబట్టి ప్రధానమే.

ఏడంకెల సంఖ్య ప్రధానమని నాలుగు భాగాహారాలతో కాగితం మీద తేల్చేశాం. మామూలుగా అయితే 2588 లోపు ప్రధానాలన్నిటితోనూ భాగించాలి, అవి మూడు వందలకి పైనే ఉంటాయి.

రెండువర్గాలు
నాకు ఈ సంఖ్యలో అన్నిటికన్నా ఇష్టమైన గుణం ఇంకా ఎవరూ చెప్పలేదు, అది రెండు వర్గాల మొత్తం కావడం.

2^32 + 1 అంటేనే 65536² + 1². ప్రధాన సంఖ్యని ఇలా రాయడానికి ఒక్క దారే ఉంటుంది. రెండో దారి దొరికిందంటే అది సంయుక్తమని రుజువైనట్టే. ఇక్కడ రెండోది ఉంది:

62264² + 20449² = 3876805696 + 418161601 = 4294967297

20449 మళ్లీ 143కి వర్గం. అంటే 62264² + 143^4 అని కూడా రాయవచ్చు.

ఈ రెండు రూపాలూ చేతిలో ఉంటే కారణాంకం వెతకక్కర్లేదు, బయటికి తీయవచ్చు. ఇది ఆయిలర్ పద్ధతి. సరి సంఖ్యల్ని ఒక జతగా, బేసి సంఖ్యల్ని ఒక జతగా పెట్టి తేడాలు తీసుకోండి: 65536 - 62264 = 3272, 20449 - 1 = 20448. వీటి గ.సా.భా 8. ఇప్పుడు మొత్తాలు: 127800, 20450. వీటి గ.సా.భా 50. రెండిటినీ సగం చేస్తే 4, 25.

4² + 25² = 16 + 625 = 641.

భాగాహారం ఒక్కటీ చెయ్యకుండా 641 వచ్చేసింది. రెండో కారణాంకం 6700417 = 2556² + 409². వెనక్కి కట్టి చూస్తే ఇంకా బాగుంటుంది: 25 × 409 = 10225, 4 × 2556 = 10224. వీటి తేడా 1, మొత్తం 20449. అలాగే 25 × 2556 = 63900, 4 × 409 = 1636. మొత్తం 65536, తేడా 62264. నాలుగు సంఖ్యలూ అక్కడి నుంచే పుట్టాయి.

శేషం_సున్నా
రెండువర్గాలు గారూ, కాగితం మీద వేసి చూశాను. 10225, 10224 పక్కపక్కన పడటం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

ఇప్పటిదాకా ప్రోగ్రామ్‌లో నింపినవి: భాజకాలు నాలుగు (1, 641, 6700417, తాను). తనని వదిలేస్తే మిగతావాటి మొత్తం 6701059, సంఖ్య కన్నా చాలా తక్కువ. కనుక పరిపూర్ణ సంఖ్య కాదు, లోటు సంఖ్య. వర్గ భాజకం లేదు. రెండు ప్రధానాల లబ్ధం. ఆయిలర్ ఫై విలువ (ఈ సంఖ్య లోపు, దీనితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని సంఖ్యలెన్ని) 640 × 6700416 = 4288266240. కార్మైకేల్ సంఖ్య (తనతో ఉమ్మడి భాజకం లేని ఏ ఆధారంతోనైనా ఫెర్మా పరీక్ష నెగ్గే సంయుక్తం) కాదు, దానికి కనీసం మూడు ప్రధాన కారణాంకాలు కావాలి.

అంకెల గుణాలు కూడా వేస్తున్నాను: అంకెల మొత్తం 59తో భాగింపబడదు. కారణాంకాల అంకెల మొత్తం 11 + 25 = 36, అది 59 కాదు, కాబట్టి స్మిత్ సంఖ్య కాదు. అంకెల వర్గాల మొత్తం 417, అలా పోతే చివరికి 89 ఉన్న వలయంలో పడుతుంది, 1కి చేరదు.

నిరూపణచాలు
ఈ చివరి పేరాకి వేరే గడి పెట్టండి, దయచేసి. అంకెల మొత్తం, స్మిత్, 89 వలయం, ఇవన్నీ మనం పది ఆధారంగా రాయడం వల్ల వచ్చినవి. అదే సంఖ్యని ఏడు ఆధారంగా రాస్తే జవాబులు మారిపోవచ్చు. భాజకాల సంఖ్య, రెండు వర్గాల రూపాలు ఎలా రాసినా మారవు. రెండిటినీ ఒకే జాబితాలో పక్కపక్కన చూస్తే చదివేవాళ్లకి ఏది సంఖ్య గుణమో, ఏది రాత గుణమో తెలియదు.

బిట్లు33
ఒప్పుకుంటాను, కానీ రాత గుణాలన్నీ వ్యర్థం కాదు. ఫెర్మా సంఖ్యల చివరి రెండంకెలు ఎఫ్2 నుంచి 17, 57, 37, 97 అని నాలుగేసిగా తిరుగుతాయి. మనది 97. ఇది పది ఆధారంలోని మాటే, కానీ వెనక ఉన్నది 100తో భాగించినప్పటి శేషం. ఇలాంటివి ఉండనివ్వాలి. అంకెల వర్గాల మొత్తం లాంటివాటికి అలాంటి వెనకటి కథ లేదు, అవి తీసేసినా నష్టం లేదు.

కొత్తగా_చేరా
రెండు ప్రధానాల మొత్తంగా రాయగలమా?

నిరూపణచాలు
కుదరదు. బేసి సంఖ్య కాబట్టి రెండిట్లో ఒకటి 2 కావాలి, రెండోది 4294967295. అది 3 × 5 × 17 × 257 × 65537 అని పైనే చూశాం. రెండు ప్రధానాల తేడాగానూ కుదరదు. అప్పుడు 4294967299 ప్రధానం కావాలి, కానీ అది 7 × 613566757.

పాతలెక్క
ఆ 4294967295 పేరు ఎత్తారు కాబట్టి రేఖాగణితం వైపు కూడా ఒకసారి వెళ్దాం. స్కేలు గుర్తులు లేని రూళ్లకర్ర, వృత్తలేఖిని మాత్రమే వాడి 17 భుజాల క్రమ బహుభుజి గీయవచ్చని 1796లో గౌస్ కనిపెట్టాడు. భుజాల సంఖ్య బేసి అయితే అది వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధం కావాలి. ఆ షరతు తప్పనిసరి అన్న సగాన్ని 1837లో వాంట్జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు అయిదే. వాటితో వచ్చే బేసి భుజాల బహుభుజులు 31. అన్నిటికన్నా పెద్దది 4294967295 భుజాలది.

మన సంఖ్య కూడా ప్రధానమై ఉంటే ఈ జాబితా అక్కడ ఆగేది కాదు. 641 ఉండబట్టే ఆగింది.

బిట్లు33
ఆ 31 సంఖ్యల్నీ ఒకేచోట చూడాలంటే పాస్కల్ త్రిభుజం తీసుకోండి. బేసి ఉన్నచోట 1, సరి ఉన్నచోట 0 వేసి ప్రతి వరుసనీ బైనరీ సంఖ్యగా చదవండి. పైనున్న ఒంటరి 1ని సున్నాయో వరుస అనుకుంటే, అక్కడి నుంచి 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257... 31వ వరుసలో అన్నీ ఒకట్లే, అది 4294967295. మొదటి 1ని వదిలేస్తే ఇవన్నీ సరిగ్గా పాతలెక్క గారు చెప్పిన బహుభుజులే, పరిమాణ క్రమంలో.

32వ వరుసలో ఏముంటుంది? రెండు చివర్లా 1, మధ్యలో 31 సున్నాలు. మన 4294967297!

త్రిభుజం ఆగదు, కానీ బహుభుజులతో ఉన్న సంబంధం ఆ వరుస దగ్గర తెగిపోతుంది.

కొత్తగా_చేరా
ఇది చదివాక ఒక్కటే మిగిలింది. ఎఫ్6 సంగతి కూడా ఆయిలరే తేల్చాడా? అదే పద్ధతి ఉంది కదా.

పాతలెక్క
తేల్చలేదు. 1880లో లాండ్రీ అనే ఆయన 82 ఏళ్ల వయసులో విడగొట్టాడు:

18446744073709551617 = 274177 × 67280421310721

పద్ధతి అదే, దూరం వేరు. ఎఫ్6 భాజకాలు 256కె + 1 రూపంలో ఉంటాయి. 274177 = 1071 × 256 + 1. ఎఫ్5కి కె = 5 దగ్గరే పని అయిపోయింది, ఇక్కడ 1071 దాకా పోవాలి. ఎఫ్5కి ఇంత చిన్న కారణాంకం ఉండటం మన అదృష్టం. లండన్‌లో జెరా కోల్‌బర్న్ అనే చిన్న పిల్లవాడు ఈ ఎఫ్5నే నోటిలెక్కతో విడగొట్టాడని చరిత్రలో రాసి ఉంది. ఎఫ్6ని అలా చెయ్యడం ఊహకి కూడా అందదు.

గణితప్రియ
ఎఫ్5 నుంచి ఎఫ్32 దాకా అన్నీ సంయుక్తాలేనని తేలింది. పూర్తిగా విడగొట్టినవి ఎఫ్11 వరకే. ఎఫ్20, ఎఫ్24 ఇంకా వింత: సంయుక్తాలని పెపాఁ పరీక్ష చెప్పింది, కానీ వాటి కారణాంకం ఒక్కటి కూడా ఎవరికీ దొరకలేదు. శేషం_సున్నా గారూ, మీ ప్రోగ్రామ్‌లో "సంయుక్తం, కారణాంకాలు తెలియవు" అన్న గడి కూడా ఉండాలి.

ఎఫ్33 ఏ కోవదో ఇంకా తేలలేదు. దానికి 258 కోట్లకు పైగా అంకెలుంటాయి. పెపాఁ పరీక్ష చెయ్యాలంటే అంత పొడుగు సంఖ్యని 850 కోట్లకు పైగా సార్లు వర్గం చెయ్యాలి. అందుకే దాన్ని వెతికేవాళ్లు ఆయిలర్ దారిలోనే పోతున్నారు: 2^35 × కె + 1 రూపంలో ఉన్న ప్రధానాల్ని ఒక్కొక్కటే తీసుకుని భాగించి చూడటం.

శేషం_సున్నా
గడి పెట్టాను. ఆధారం 2 ఒక్కటే కాకుండా 3, 5, 7 కూడా కలిపాను, శేషాల వర్గాలకి 128 బిట్లు వాడుతున్నాను. అంకెల గుణాలు వేరే పేజీకి మార్చాను. రేపు ఎఫ్6ని ఇచ్చి, 256కె + 1 జల్లెడతో 274177కి ఎంతసేపట్లో చేరుతుందో ఇక్కడే రాస్తాను.